గాభరా బిళ్ళ

మా నాన్నకి మందుల పేర్లు నోరు తిరగవు. ఆయన లెక్కలో మెట్‌ఫార్మిన్ అంటే షుగర్ బిళ్ళ, అటోర్వాస్టాటిన్ అంటే కొవ్వు బిళ్ళ, గాబాపెంటిన్ అంటే గాభరా బిళ్ళ. మొదటి రెండు పేర్లూ ఆ మందులు చేసే పనిని బట్టి వచ్చాయి. మూడోది ఆయన చెవికి వినబడినదాన్ని బట్టి వచ్చింది. రెండేళ్ళపాటు ఇంట్లో అందరం నవ్వుకుంటూ ఆ పేరే వాడాం. మొన్న మే నెలలో ఆ పేరు నిజమై కూర్చుంది.

నాన్నకి షుగర్ వచ్చి పదిహేనేళ్ళు దాటింది. తెనాలి దగ్గర మా ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ అరికాళ్ళు మండుతుంటే "వేడి చేసింది" అనుకుని గ్లాసుడు మజ్జిగ తాగి పడుకునేవారట. ప్రగతి నగర్‌లో మా ఫ్లాట్‌కి వచ్చాక గానీ ఆ సంగతి నాకు తెలియలేదు. ఒకరోజు అమెరికా వాళ్ళతో కాల్ ముగించి రాత్రి రెండింటికి మంచినీళ్ళ కోసం వెళ్తే, వంటింటి గడప దగ్గర చీకట్లో కూర్చుని ఉన్నారు. రెండు పాదాలూ గ్రానైట్ బండకి ఆనించుకుని. "ఏంటి నాన్నా?" అంటే "ఏం లేదురా, ఇక్కడ చల్లగా ఉంటుంది" అన్నారు. ఎన్నాళ్ళుగా అలా కూర్చుంటున్నారో అమ్మకి తెలుసు. నాకే తెలియదు.

షుగర్ ఏళ్ళ తరబడి ఉంటే పాదాల్లోని సన్న నరాలు దెబ్బతింటాయి. దెబ్బతిన్న నరం ఊరుకోదు. లేని నిప్పు తగిలినట్టు, లేని సూది గుచ్చుకున్నట్టు మెదడుకి కబుర్లు పంపుతూనే ఉంటుంది. మామూలు నొప్పి బిళ్ళలతో ఆ కబుర్లు ఆగవు. అందుకే డాక్టర్ గారు గాబాపెంటిన్ రాశారు. రాత్రి పూట 300 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, మెల్లగా పెంచుతూ పూటకి 600 చొప్పున మూడు పూటలకి తెచ్చారు. రోజుకి 1800. కొన్ని వారాలకి నాన్న తెల్లారేదాకా కదలకుండా పడుకున్నారు. అమ్మ మాకు చెప్పకుండా వెళ్ళి వినాయకుడికి కొబ్బరికాయ కొట్టి వచ్చింది. ఈ మందుని తిట్టడానికి ఈ వారం కాలమ్ రాస్తున్నానని ఎవరూ అనుకోకూడదని ఇది ముందే చెబుతున్నా.

ఈ బిళ్ళ కథ కూడా కాస్త తమాషాగా ఉంటుంది. మన మెదడులో గాబా అనే రసాయనం ఉంది. నరాలు మరీ రెచ్చిపోకుండా బ్రేకు వేస్తుంటుంది. దాన్ని పోలిన అణువుని తయారుచేస్తే ఫిట్స్ ఆగుతాయని శాస్త్రవేత్తలు అనుకున్నారు, చేశారు, ఆ పేరే పెట్టారు. తీరా చూస్తే ఇది గాబా పనిచేసే చోటికి పోనే పోదు. నరాల చివర కాల్షియం లోపలికి వెళ్ళే దారుల్లో ఒక ముక్కకి అతుక్కుని, అక్కడి నుంచి నరం విసిరే సంకేతాలని తగ్గిస్తుంది. అంటే పేరు పెట్టినవాళ్ళు కూడా మా నాన్నలాగే పొరబడ్డారు! అమెరికాలో 1993 చివర్లో ఫిట్స్‌కి, వేరే మందుకి తోడుగా వాడేందుకు అనుమతి వచ్చింది. సర్పి తగ్గాక మిగిలిపోయే నరాల నొప్పికి 2002లో వచ్చింది. మధ్యలో అనుమతి లేని జబ్బులకి కూడా దీన్ని డాక్టర్ల చేత రాయించేలా ప్రచారం చేశారని కేసు నడిచి, ఫైజర్ కిందకి వచ్చిన వార్నర్-లాంబర్ట్ కంపెనీ 2004లో నేరం ఒప్పుకుంది. ఆ వ్యవహారంలో 43 కోట్ల డాలర్లు కట్టారు. షుగర్ వాళ్ళ కాళ్ళ మంటలకి మాత్రం ప్రపంచమంతా దీన్ని ఇప్పటికీ రాస్తూనే ఉన్నారు, చాలామందికి పనిచేస్తుంది కూడా.

మా ఏరియాకి ఇదేమీ పరాయి సరుకు కాదు. పక్కనే బాచుపల్లిలో డాక్టర్ రెడ్డీస్, అరబిందో ఫ్యాక్టరీలు ఉన్నాయి. మా రోడ్డు మీద ఐటీ క్యాబులూ ఫార్మా షిఫ్టు బస్సులూ దారి కోసం పోట్లాడుకుంటాయి. హైదరాబాద్ కంపెనీ దివీస్ పెద్ద ఎత్తున తయారుచేసే ముడిమందుల్లో గాబాపెంటిన్ కూడా ఒకటి. మందులు చేసేవాళ్ళు ఇంతమంది ఉన్న కాలనీలో, ఆ మందు గురించి అడగాల్సిన ప్రశ్న మాకు అడిగిన మనిషి ఒక్కరే. ఆవిడ సంగతికి వస్తా. దానికి ముందు నా ఘనకార్యం చెప్పాలి.

నెలనెలా మందుల షాపుకి వెళ్ళడం ఎందుకని ఒక యాప్‌లో నాన్న మందులన్నిటికీ సబ్‌స్క్రిప్షన్ పెట్టాను. మొదట్లో ఇచ్చిన చీటీని ఫోటో తీసి ఎక్కించా. ఇక ప్రతి నెలా మూడో తారీఖున డబ్బా గుమ్మం ముందు ఉండేది. ఆఫీసులో ఏ పనైనా రెండోసారి చేతితో చేస్తుంటే "దీన్ని ఆటోమేట్ చేయొచ్చుగా" అంటాం. ఇంట్లోనూ అదే చేశా. డాక్టర్ గారు ఆరు నెలలకొకసారి రమ్మన్నారు. మొదటిసారి వెళ్ళాం. రెండోసారికి నాకు రిలీజ్ ఉంది. మూడోసారి నాన్నే "బాగానే ఉన్నాగా, ఎందుకురా డబ్బు దండగ" అన్నారు. మందు ఆగలేదు కాబట్టి వైద్యం జరుగుతున్నట్టే అనిపించింది. రెండేళ్ళనాటి ఆ చీటీ మీద తేదీ ఎవరూ చూడలేదు. నేనూ చూడలేదు.

మే నెలలో తెనాలిలో మా పెదనాన్న మనవరాలి పెళ్ళి. ఎండ సంగతి చెప్పక్కర్లేదు. అక్కడ నిలబడీ నిలబడీ మోకాళ్ళు పట్టేస్తే, ఎవరో ఇచ్చారని డైక్లోఫెనాక్ బిళ్ళలు పూటకొకటి ఐదు రోజులు వేసుకున్నారట. పైగా పెళ్ళి భోజనం పడక రెండు రోజులు విరేచనాలు. ఇవన్నీ మాకు తర్వాత తెలిశాయి. హైదరాబాద్ వచ్చాక ఆయన పడుకున్నారు. మర్నాడూ పడుకునే ఉన్నారు. ప్రయాణం బడలిక అనుకున్నాం. లేపితే లేచి, రెండు ముద్దలు తిని, బిళ్ళలు వేసుకుని మళ్ళీ పడుకునేవారు. గమనించండి, బిళ్ళలు మాత్రం మూడు పూటలా అమ్మ తప్పకుండా వేస్తోంది.

మూడో రోజు పొద్దున కాఫీ గ్లాసు ఆయన చేతిలోంచి ఎగిరి పడింది. జారిపోవడం కాదు, వణకడం కాదు. ఎవరో కింద నుంచి తన్నినట్టు చెయ్యి ఒక్కసారి ఎగిరింది. మాట ముద్దముద్దగా వస్తోంది. బాత్రూమ్‌కి గోడ పట్టుకుని తూలుతూ వెళ్ళారు. అమ్మ ఏడుపు మొదలుపెట్టింది, "పక్షవాతమేమోరా" అని. షుగర్ పడిపోయిందేమోనని నేను వేలు గుచ్చి చూస్తే 148. అంబులెన్స్‌కి ఫోన్ చేస్తుంటే అమ్మ మెట్లెక్కి మూడో అంతస్తుకి పరిగెత్తింది.

అక్కడ ఉండే అక్క ఒక పెద్దాసుపత్రిలో డయాలసిస్ విభాగం నర్సు. నైట్ డ్యూటీ చేసి అప్పుడే వచ్చింది, భుజాన బ్యాగు తీయకుండానే దిగి వచ్చింది. నాన్న ముందు కూర్చుని, "బాబాయ్ గారూ, ట్రాఫిక్ పోలీసు బండి ఆపినట్టు రెండు చేతులూ చాపి చూపించండి" అంది. ఆయన చాపారు. రెండు అరచేతులూ ఉన్నట్టుండి కిందకి వాలి, మళ్ళీ లేచాయి. ఆమె ఏమీ అనలేదు. మందుల డబ్బా తెమ్మంది. స్ట్రిప్పులు ఒక్కొక్కటే తిప్పి చూసి, గాబాపెంటిన్ దగ్గర ఆగింది.

"ఇది రోజుకి మూడా?"

"అవునక్కా."

"నిన్నటి నుంచి యూరిన్ ఎన్నిసార్లు వెళ్ళారు?"

అమ్మ ఆలోచించి "ఒకసారి వెళ్ళారేమో" అంది.

"క్రియాటినిన్ ఎప్పుడు చేయించారు తమ్ముడూ?"

ఫైల్ వెతికితే రెండేళ్ళ కిందటి రిపోర్టు దొరికింది. 1.2. ఆ తర్వాత ఏమీ లేదు.

"పక్షవాతం కాదని నేను చెప్పలేను, అది అక్కడే తేల్చాలి. ఇప్పుడే బయల్దేరండి. మందులన్నీ ఒక కవర్లో వేసుకో, పెళ్ళిలో వేసుకున్నవి కూడా. డాక్టర్‌కి ఈ బిళ్ళ సంగతి నువ్వే ముందు చెప్పు, వాళ్ళు అడిగేదాకా ఆగకు" అంది.

స్కాన్‌లో పక్షవాతం లేదు. క్రియాటినిన్ 3.1 వచ్చింది. కవర్ చూడగానే డ్యూటీ డాక్టర్ గాబాపెంటిన్, డైక్లోఫెనాక్, మెట్‌ఫార్మిన్ మూడూ ఆపేయించి, సెలైన్ పెట్టించి, షుగర్‌కి ఇన్సులిన్ మొదలుపెట్టారు.

ఆ రాత్రి ఐసీయూ బయట కుర్చీలో కూర్చుని నేను ఒక లెక్క వేశాను. కాక్‌క్రాఫ్ట్, గాల్ట్ అనే ఇద్దరు 1976లో ఇచ్చిన సూత్రం అది. 140లోంచి వయసు తీసేసి, బరువుతో గుణించి, దాన్ని క్రియాటినిన్‌కి 72 రెట్లతో భాగించాలి. ఆడవాళ్ళకైతే వచ్చినదాన్ని 0.85తో గుణించాలి. కిడ్నీలు నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్ల రక్తాన్ని శుభ్రం చేస్తున్నాయో సుమారుగా తెలుస్తుంది. రెండేళ్ళ కిందట నాన్నకి 59 ఏళ్ళు, 68 కిలోలు, క్రియాటినిన్ 1.2. జవాబు 64. ఇప్పుడు 61 ఏళ్ళు, 3.1. జవాబు 24. పొద్దున డాక్టర్‌కి చూపిస్తే ఆయన, "క్రియాటినిన్ ఇంకా మారుతున్నప్పుడు ఈ లెక్కని నమ్మకూడదు, అసలు సంగతి ఇంతకంటే తక్కువే ఉండొచ్చు" అన్నారు.

గాబాపెంటిన్‌కి ఈ లెక్క ఎందుకంత ముఖ్యమో ఆ రెండు రోజుల్లో నాకు అర్థమైంది. చాలా మందుల్ని లివర్ విరిచి పారేస్తుంది. దీన్ని ఒంట్లో ఏ అవయవమూ విరవదు. లోపలికి ఎలా వెళ్ళిందో అలాగే మూత్రంలో బయటికి వస్తుంది. కిడ్నీ ఒక్కటే దారి. కిడ్నీలు బాగున్నవాళ్ళలో ఐదు నుంచి ఏడు గంటల్లో సగం మందు బయటికి పోతుంది. అందుకే మూడు పూటలా వేసుకోవాల్సి వస్తుంది. కిడ్నీలు పూర్తిగా ఆగిపోయినవాళ్ళలో, డయాలసిస్ లేని రోజుల్లో, ఆ సగం పోవడానికి 132 గంటలు పడుతుంది. ఐదున్నర రోజులు! డయాలసిస్ మిషన్ మీద ఉన్నప్పుడైతే సుమారు నాలుగు గంటలే. అందుకే మోతాదు కిడ్నీని బట్టి మారుతుంది. ఆ లెక్క 60కి పైన ఉన్నవాళ్ళకి రోజుకి 900 నుంచి 3600 దాకా ఇస్తారు. 30 నుంచి 59 అయితే 400 నుంచి 1400, రెండు పూటలుగా. 15 నుంచి 29 అయితే 200 నుంచి 700, రోజుకి ఒక్కసారే. నాన్న 24 దగ్గర ఉండి 1800 వేసుకుంటున్నారు. మందు మారలేదు, మోతాదు మారలేదు, వేసే అమ్మ చెయ్యి మారలేదు. లోపల కాలువ పూడిపోయింది, మేం పై నుంచి నీళ్ళు వదులుతూనే ఉన్నాం.

ఇది నరాల మందు కాబట్టి ఒంట్లో పేరుకుంటే కనిపించే లక్షణాలన్నీ నరాలవే. నిద్ర, తూలడం, మాట ముద్దగా రావడం, చేతులు ఎగిరిపడటం. వయసు, బడలిక, పక్షవాతం, షుగర్ అని వీటికి మనం ఎన్ని పేర్లైనా పెట్టుకోగలం. మేం అన్నీ పెట్టాం.

మూడో రోజు రాత్రి నాన్న కళ్ళు తెరిచి, స్పష్టంగా, "పెళ్ళివాళ్ళు పెట్టిన పంచెల చాపు ఏదిరా?" అన్నారు. అమ్మ నవ్వలేక ఏడ్చింది.

డిశ్చార్జ్ అయ్యాక ఒక ఆదివారం మూడో అంతస్తు అక్క మా హాల్లో కూర్చుని టీ తాగుతూ చాలాసేపు మాట్లాడింది. ఏదో పాఠం చెబుతున్నట్టు కాదు, మధ్యలో అమ్మతో కరివేపాకు మొక్క గురించి కూడా మాట్లాడుతూనే. వాళ్ళ యూనిట్లో ఇదే మందుని డయాలసిస్ పేషెంట్ల దురదకి ఇస్తారట. ఎంతో తెలుసా? చాలామందికి 100తోనే మొదలు, అదీ డయాలసిస్ అయ్యాక. "మీ బాబాయ్ గారి డోసు విని నా నిద్రమత్తు దిగిపోయింది" అంది. ఉద్దానం వైపు కవిటి, సోంపేట లాంటి చోట్ల షుగరూ బీపీ లేకుండానే కిడ్నీలు పాడవుతున్న సంగతి మనకి తెలిసిందే. అలాంటి ఊళ్ళ నుంచి నరాల నొప్పి అని ఎవరొచ్చినా మందు కంటే ముందు రక్తపరీక్షే అడగాలి అంటుంది ఆమె.

నర్సులు ఏం చూస్తారు అని అడిగాను. "పిలిస్తే లేస్తున్నారా అని మీరు చూస్తారు. లేచి పూర్తి వాక్యం మాట్లాడి, ఆ వాక్యం మధ్యలో నిద్రపోకుండా ఉన్నారా అని మేం చూస్తాం" అంది. మొదలుపెట్టిన రోజుల్లో, మోతాదు పెంచిన రోజుల్లో మత్తు, కళ్ళు తిరగడం మామూలే. అప్పుడు బండి నడపకూడదు, రాత్రి బాత్రూమ్ లైటు ఆర్పకూడదు. పెద్దవాళ్ళు తుంటి విరగ్గొట్టుకునేది అక్కడే. కానీ కొన్నాళ్ళు బాగా ఉండి, కొత్తగా మత్తు వస్తే అది మామూలు కాదు. కాళ్ళ వాపు ఈ మందు వల్ల కూడా రావచ్చు, కిడ్నీ వల్ల కూడా రావచ్చు, ఇంట్లో కూర్చుని తేల్చుకోకూడదు. ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్ళు, ట్రమడాల్ లాంటి గట్టి నొప్పి మందులో నిద్రమాత్రలో వాడేవాళ్ళు మరీ జాగ్రత్తగా ఉండాలి, ఊపిరి మందగించే ప్రమాదం ఉందని అమెరికా ఎఫ్‌డీఏ 2019 డిసెంబరులో హెచ్చరించింది. మనసు కుంగిపోవడం, చచ్చిపోవాలనిపించడం కూడా గమనించాలట. ఫిట్స్ మందులన్నిటికీ 2008 నుంచే ఆ హెచ్చరిక ఉంది. ముసలాయన మౌనంగా ఉంటే వయసుకి రాసేసి ఊరుకోవద్దు అంది.

నాన్న అంతసేపూ వింటూ, ఒక్క ప్రశ్న అడిగారు. "గ్యాస్ మందు తాగొచ్చా అమ్మా?" ఆయనకి రోజూ రాత్రి ఆ గులాబీ రంగు సిరప్ రెండు మూతలు పడాల్సిందే. మంచి ప్రశ్నే అడిగారు. అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న గ్యాస్ మందు దీనితో కలిపి తాగితే లోపలికి వెళ్ళే గాబాపెంటిన్ ఐదో వంతు దాకా తగ్గుతుంది. సిరప్ తాగాక కనీసం రెండు గంటలు ఆగి బిళ్ళ వేసుకోవాలి. అయితే కిడ్నీలు దెబ్బతిన్నవాళ్ళకి ఆ సిరప్ రోజూ మంచిది కాదని, అసలు దాన్నే డాక్టర్‌ని అడిగి మార్పించమంది. నాన్న మొహం వాడిపోయింది.

ఇంకొకటి, స్ట్రిప్ మీద పేరు చివర ఉండే అక్షరాలు. ఎన్‌టీ అని ఉంటే చాలావరకు లోపల నార్ట్రిప్టిలిన్ అనే ఇంకో మందు కూడా ఉంటుంది. నోరు ఎండటం, మలబద్ధకం, ప్రోస్టేట్ ఉన్నవాళ్ళకి మూత్రం బిగుసుకోవడం దాని లక్షణాలు. షాపులో "అదే సార్, సేమ్" అంటే సరిపోదు, అక్షరం అక్షరం కలవాలి.

ఇంతా విని, అయితే ఈ మందు ఆపేస్తే పోలా అనుకునేవాళ్ళు ఉంటారు. మా అమ్మ అలాగే అంది. అక్క వెంటనే "అమ్మో, మీ అంతట మీరు ఆపొద్దు" అంది. ఆసుపత్రిలో ఒక్కసారిగా ఆపినప్పుడు అక్కడ చూసుకునేవాళ్ళు ఉన్నారు. పైగా కిడ్నీలు మందగించి ఉన్నాయి కాబట్టి ఒంట్లో మందు దానంతట అదే మెల్లగా దిగింది. మామూలుగా అయితే కనీసం వారం రోజులు తీసుకుని తగ్గించుకుంటూ రావాలి. ఫిట్స్ ఉన్నవాళ్ళు హఠాత్తుగా ఆపితే ఫిట్స్ విరుచుకుపడతాయి.

ఆ మాటకి నాకు మా టీమ్‌లో కుర్రాడు గుర్తొచ్చాడు. వాడికి ఫిట్స్ ఉన్నాయి, వేరే మందుతో పాటు ఇదీ వాడతాడు. మధ్యాహ్నం రెండింటికి వాడి ఫోన్ మోగుతుంది, ఏ మీటింగ్‌లో ఉన్నా లేచి వెళ్తాడు. మేనేజర్ ఉన్నా, క్లయింట్ ఉన్నా. మొదట్లో మేం ఎగతాళి చేసేవాళ్ళం, "రెండు గంటల బస్సు" అని. రెండు మోతాదుల మధ్య పన్నెండు గంటలు దాటకూడదు, మర్చిపోతే తర్వాత రెండూ కలిపి మింగకూడదు. వాడికి ఒక పూట తప్పిపోవడం ప్రమాదం. మా నాన్నకి ఒక్క పూట కూడా తప్పకపోవడం ప్రమాదమైంది. ఒకే బిళ్ళ.

రెండు వారాలకి నాన్న క్రియాటినిన్ 1.6కి దిగింది. పాత 1.2కి ఇక రాదేమో అన్నారు. కాళ్ళ మంటలు మళ్ళీ మొదలయ్యాయి, గ్రానైట్ బండ దగ్గర మళ్ళీ రెండు రాత్రులు కూర్చున్నారు. డాక్టర్ గారు కొత్త లెక్క చూసి రాత్రికి 300 ఒక్కటే ఇచ్చారు. పూర్తిగా తగ్గలేదు, పడుకోగలుగుతున్నారు. మూడు నెలలకొకసారి రక్తపరీక్ష, మధ్యలో వాంతులు, విరేచనాలు, జ్వరం వస్తే వెంటనే. మోకాళ్ళ నొప్పికి ఎవరేమిచ్చినా నోట్లో వేసుకోకూడదు. ఇది అమ్మ వంటింట్లో క్యాలెండర్ మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో రాసింది.

యాప్‌లో సబ్‌స్క్రిప్షన్ రద్దు చేయబోతే కారణం ఏమిటని అడిగింది. ధర ఎక్కువ, డెలివరీ ఆలస్యం, మందు అవసరం తీరిపోయింది, ఇతరం. ఇతరం నొక్కాను. ఇప్పుడు నెలకోసారి నేనే షాపుకి వెళ్తున్నా, చేతిలో ఆ నెల చీటీ పట్టుకుని.

నాన్న సాయంత్రాలు మళ్ళీ చెరువు దాకా నడిచి వస్తున్నారు. లిఫ్ట్ దగ్గర మూడో అంతస్తు అక్క కనబడితే చాలు, ఆమె అడక్కముందే రెండు చేతులూ చాపి, ట్రాఫిక్ పోలీసులా నిలబడి చూపిస్తున్నారు.